ఎజెండాలో నాలుగో అంశం

పూర్ణిమకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. అది తప్పు. ముక్కు మీది కోపం ఒక్క తుమ్ముతో పోతుంది. ఈమె కోపం ఎనిమిదేళ్లుగా కడుపులో కాపురం చేస్తోంది.

చేవెళ్ల మండలంలో ఆమె వ్యవసాయ విస్తరణాధికారి. రైతులకు ఏఈవో మేడం. ఏ తెగులుకు ఏ మందో, ఏ నేలకు ఏ విత్తనమో ఎంతసేపైనా ఓపికగా చెబుతుంది. ఆమె ముందు ఎత్తకూడని పేరు మాత్రం ఒకటుంది. మొదటిసారి వచ్చిన రైతు పరమేష్‌కు పాపం ఆ సంగతి తెలియదు.

"మేడం, టమాట చేనుకు డ్రిప్పు పైపులు కావాలె. మొయినాబాద్‌ల కల్యాణ్ సేటు దుకాణంల మంచియి దొరుకుతయంట. పోవాల్నా?"

"పట్నం పో."

"పట్నమా? గంత దూరమెందుకు మేడం? మొయినాబాద్ నడుమనే ఉన్నది గద."

"పట్నంల ఇంకా మంచియి ఉంటయ్."

"పట్నం బస్సు గూడ ఆ దుకాణం ముంగటికెల్లే పోతది మేడం!"

"పోనీ. నువ్వు దిగకు."

పరమేష్ బిక్కమొహం వేసుకుని వెళ్లిపోయాడు. మామూలు రోజుల్లో అయితే ఆమె ఇంత కటువుగా చెప్పదు, కాస్త మాట మార్చి చెబుతుంది. కానీ ఆ రోజు పొద్దున్నే ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. పంపినవాడు పాత స్నేహితుడు ప్రవీణ్.

అందులో రంగురంగుల బల్బులు, వేలాడే బుట్టలు, గడ్డి మీద నడుస్తున్న ఎవరివో తెల్లటి కాళ్లు. ఆ తర్వాత అక్షరాలు: 'ఒక్కటే పొయ్యి. కనకమామిడిలో కమ్యూనిటీ లివింగ్ ఎక్స్‌పీరియెన్స్. ఈ ఆదివారం ఓపెనింగ్.' చివర్లో ఒక ఎర్రటి గుండె బొమ్మ, దాని కింద ఇంకో వాక్యం.

'ఇక్కడే ఒక ప్రేమకు ఓటింగ్ జరిగింది!'

పూర్ణిమ ఫోన్‌ను బల్ల మీద బోర్లా పడేసింది. ఎదురుగా కుర్చీలో ఉన్న రైతు తన అర్జీ వెనక్కి తీసుకుని, రేపొస్తానని లేచిపోయాడు.

*

ఎనిమిదేళ్ల కిందటి మాట. కనకమామిడిలో పెంటమ్మ అనే అవ్వ దగ్గర మూడెకరాలు, ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని ఏడుగురు కుర్రకారు ఒకే ఇంట్లో బతికారు. నలుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. అందరూ అప్పుడే చదువు ముగించినవాళ్లు. ఉద్యోగాలొద్దు, కూరగాయలు పండిద్దాం, ఒకే కుండలో వండుకుందాం, ఏదీ నాది అనొద్దు అని ఒట్టేసుకున్నారు. సబ్బు కూడా ఏడుగురికీ ఒక్కటే.

ఇంట్లో ఎన్ని పనులున్నాయో అన్ని నియమాలు. వాటన్నిటికీ పెద్ద నియమం ఒకటుంది. ఇద్దరి ముచ్చట ఏడుగురి ముచ్చట. అంటే, ఏ ఇద్దరూ చాటుగా మాట్లాడుకుని ఏదీ తేల్చుకోకూడదు. ఏదున్నా ఆదివారం మీటింగ్‌లో అంశంగా పెట్టాలి, చేతులెత్తాలి. దానికి తోక నియమం ఇంకోటి. అంశం పెట్టినవాళ్లు లోపలే ఉండొచ్చు గానీ, ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్లు ఆ కాసేపు బయట కూర్చోవాలి, అప్పుడే మిగతావాళ్లు మొహమాటం లేకుండా మాట్లాడతారని.

ఈ రెండూ రాసింది పూర్ణిమే. ఆ సంగతి ఆమెకు గుర్తు చేసే ధైర్యం మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ రాలేదు.

ఒక ఆదివారం సాయంత్రం, "పూర్ణిమా, జర బయట కూసో. నీ ముచ్చట ఉన్నది," అన్నాడు ప్రవీణ్. ముందురోజు ఆమె పప్పు మాడబెట్టింది. దాని గురించే అనుకుని వెళ్లి నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుంది. కట్టెలు పచ్చివి, తప్పు నాది కాదు, కట్టెలు తెచ్చినవాడిది అని వాదన కూడా సిద్ధం చేసుకుంది. మీటింగ్‌కు లోపలికి వెళ్తూ కల్యాణ్ తన వైపు చూసి చూడనట్టు తల తిప్పుకోవడం గమనించింది. కట్టెలు తెచ్చినవాడు అతనే కాబట్టి, భయపడుతున్నాడులే అని నవ్వుకుంది.

నిజం చెప్పాలంటే ఆ నెల రోజులుగా కల్యాణ్ చూపులన్నీ ఆమె లెక్కలోనే ఉన్నాయి. తను బోరు దగ్గర బట్టలు పిండుతుంటే అవసరం లేకపోయినా అతను మోటారు చూడటానికి రావడం, వానలో తడిసిన తన జుట్టును చూసి చేతిలోని పానా కింద పడేసుకోవడం, అన్నీ. ఎప్పుడు అడుగుతాడా అని ఆమె కూడా ఎదురుచూస్తోంది.

పావుగంట తర్వాత ప్రవీణ్ ఈల వేస్తూ బయటికొచ్చాడు. "కంగ్రాట్స్! నాలుగో అంశం పాసైంది. ఐదు, ఒకటి."

"పప్పుకు ఓటింగేంది?"

"పప్పు గాదు. నువ్వు, కల్యాణ్. వాడు నిన్ను లవ్ చేస్తున్నడంట. మీటింగ్‌ల పెట్టిండు. మేం ఓకే చేసినం."

మూడో అంశం బోరు మోటారు రిపేరు. ఐదో అంశం కుక్కకు నులిపురుగుల మందు. ఆ రెంటి నడుమ ఆమె.

తెల్లారి పూర్ణిమ సంచీ సర్దుకుని సొంతూరు ఆలూరుకు బస్సెక్కింది. ఆ తర్వాత రెండు నెలలకే షెడ్డు ఖాళీ అయింది.

కల్యాణ్ రెండుసార్లు ఆలూరు వచ్చాడు. ఆమె తలుపు వెనక నిలబడి తండ్రి హన్మంతు చేత "ఇంట్ల లేదు బిడ్డా" అనిపించింది. అతను ఫోన్ల మీద ఫోన్లు చేస్తే నంబర్ బ్లాక్ చేసింది. తర్వాత అతను రావడం మానేశాడు. రెండుసార్లకే మానేశాడని ఆమెకు ఇంకో కోపం. అతను తండ్రి పైపుల దుకాణంలో కూర్చున్నాడు, ఆమెకు ఉద్యోగమొచ్చింది. ఇద్దరి మధ్య అరగంట దూరం. ఇద్దరికీ పెళ్లి కాలేదు. వచ్చిన సంబంధాలన్నిటికీ పూర్ణిమ ఏదో ఒక వంక పెట్టి పంపింది. ఎవరి కోసమని తల్లి అడిగితే మాత్రం తాచుపాములా లేచేది.

ఆ ఆదివారం ఆమె కనకమామిడికి బయల్దేరింది ఒక్కందుకే. ఆ వాక్యం తీయించాలి.

*

ప్రవీణ్ చేతిలో పడి షెడ్డు గుర్తుపట్టేలా లేదు. రేకులకు రంగులు, గోడలకు అద్దాలు. నీళ్ల తొట్టిలో ఇప్పుడు కలువలు. గండిపేట అపార్ట్‌మెంట్ల నుంచి కార్లు వేసుకొచ్చిన జనం చాపల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఒకావిడ ఒక కాయ ఒలిచి నాలుగు సెల్ఫీలు దిగింది.

"పూర్ణీ! వచ్చినవా!" ప్రవీణ్ చేతులు చాపుకుంటూ వచ్చాడు.

"ఆ వీడియోల చివరి ముక్క తీసెయ్."

"అరె, అదే హైలైట్. కస్టమర్లు దానికే పడిపోతున్నరు."

"నా బతుకు నీకు హైలైటా?"

"జర నవ్వు తల్లీ. కాసేపాగితే అందరం పాత ముచ్చట్లు చెప్పాలె."

అప్పటి ఏడుగురిలో అరుణశ్రీ కూడా వచ్చింది. దూరం నుంచే చెయ్యి ఊపింది. పూర్ణిమ మొహం తిప్పుకుంది. ఐదు–ఒకటిలో ఆ ఒక్కటి అరుణశ్రీదేనని ఆమె ఎనిమిదేళ్ల నమ్మకం. అప్పట్లో కల్యాణ్ పళ్లెంలో అరుణశ్రీ రెండోసారి పెరుగు వెయ్యడం తన కళ్లారా చూసింది మరి.

కల్యాణ్ కూడా వచ్చాడు. మోటారు గది దగ్గర వంగి, కారుతున్న పైపుకు టేపు చుడుతున్నాడు. చుట్టంలా రమ్మంటే పనివాడిలా వచ్చాడు. జుట్టులో అక్కడక్కడా తెలుపు. ఆమెను చూసి లేవబోయి ద్వారబంధానికి తల కొట్టుకున్నాడు. తగిన శాస్తి అనుకుంది పూర్ణిమ. దెబ్బ గట్టిగా తగిలిందేమోనని మళ్లీ ఓరగా చూసింది. అలా చూసినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ప్రవీణ్ మైకు పట్టుకున్నాడు. శాలువా కప్పుకుని ముందు కుర్చీలో కూర్చున్న పెంటమ్మకు దండం పెట్టి మొదలుపెట్టాడు. ఏడుగురు, ఒక్క పొయ్యి, ఒక్క సబ్బు, వెన్నెల, పాటలు. జనం కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. చివరికి నాలుగో అంశానికొచ్చాడు. "ప్రపంచంలో ఎక్కడన్న లవ్‌కు ఓటింగ్ పెడ్తరా ఫ్రెండ్స్? మేం పెట్టినం! ఐదు, ఒకటితో పాస్ చేసినం!"

చాపల మీద చప్పట్లు, ఈలలు. "సో క్యూట్!" అంది సెల్ఫీల ఆవిడ.

పూర్ణిమకు కోపం నెత్తికెక్కింది. వెళ్లి మైకు గుంజుకుంది.

"నమస్తే. మీరంత గిప్పుడు నవ్విన్రు గద, ఆ నాలుగో అంశం నేనే."

ప్రవీణ్ మైకు కోసం చెయ్యి చాపి, ఆమె మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు.

"సారు వెన్నెల గురించి చెప్పిండు. లెట్రిన్ గురించి చెప్పలే. ఏడుగురికి ఒక్కటే ఉండె. కడగనీకి వంతులు రాసుకున్నం. ప్రవీణ్ వంతు వచ్చిన్నాడల్ల ఆయనకు నడుము నొప్పి లేస్తుండె. వంటకు గూడ వంతులే. మొగపిలగాండ్ల వంతు వస్తే పొద్దుగాల ఉప్మా, మాపటికి ఉప్మా. మేం ఆడపిల్లలం ఆకలికి తట్టుకోలేక వాళ్ల వంతు గూడ మేమే చేసినం. అది ఏ మీటింగ్‌ల ఎవ్వలు పెట్టలే."

కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నాకు డెంగీ వచ్చింది. తొమ్మిది రోజులు చేవెళ్ల దవాఖానల పడుకున్న. ఆరుగురు వంతులేసుకోని నా మంచం కాడ కూసున్నరు. అప్పుడు ఎవ్వలకు నడుము నొప్పి లేవలే, ప్రవీణ్‌కు గూడ. మా ఇంట్లోల్లకంటె ముందుగాల వీళ్లే వచ్చిన్రు. గా ఇల్లు మంచిగ లేకుండె అని నేనంటలే. మంచిగుండె గాబట్టే నాకింత కోపం."

ఆమె మైకును ఇంకో చేతికి మార్చుకుంది.

"గసుంటి ఇంట్ల నన్ను బయట కూసోబెట్టి, నా సంగతి నన్ను తప్ప అందరిని అడిగిన్రు. ఎద్దును కొనేటోడు గూడ ముందుగాల ఎద్దు మొఖం చూస్తడు. దాన్ని క్యూట్ అంటున్నరు మీరు. ప్రవీణ్, రేపటికెల్ల ఆ ముక్క ఉండొద్దు. అంతే."

ముందు కుర్చీలోంచి పెంటమ్మ గొంతు లేచింది. "సబాష్ బిడ్డా! నేనప్పుడే అన్న, పిల్లను అడుగుండ్రి రా అని. ఒక్కడన్న ఇన్లే!"

పూర్ణిమ మోటారు గది వైపు చూసింది. కల్యాణ్ తల వంచుకుని నిలబడ్డాడు. ఇంత తిట్టినా మాట రాదా వీడికి? ఆమె విసురుగా స్కూటీ దగ్గరికి నడిచింది.

*

"ఆగవే!" వెనక అరుణశ్రీ పరుగెత్తుకొచ్చి స్కూటీ తాళంచెవి లాక్కుంది. "అందర్ని తిట్టినవ్, బాగున్నది. నాతోని ఎనిమిదేండ్లు ఎందుకు మాట్లాడవు? నా పెండ్లికి గూడ రాలే."

"నీకు తెల్వదా? గా ఒక్క ఓటు నీదే గద. నువ్వే చెయ్యెత్తలే."

అరుణశ్రీ నెత్తి కొట్టుకుంది.

"నేనా? నేను రెండు చేతులెత్తిన! ఒక్కటే లెక్కవెడ్త అన్నడు ప్రవీణ్. ఎత్తనోడు కల్యాణ్."

"ఏంది?"

"అవునే. మా అందర్ని అడిగిండు. మేం చేతులెత్తినం. వాడు మాత్రం ఎత్తకుంట, వద్దు అన్నడు. పిచ్చి గిట్ల లేసిందా అని తిట్టినం. ఎందుకని అడిగితే చెప్పలే."

పెళపెళమని ఉరిమింది. నాలుగు చినుకులు పడ్డాయి, ఆ వెంటే నలభై. చాపల మీది జనం చిక్కుడుకాయల గిన్నెలు నెత్తిన పెట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. పూర్ణిమ మాత్రం వానలోనే వెనక్కి తిరిగింది. ఎనిమిదేళ్ల కోపం ఒక మెట్టు. ఇప్పుడెక్కింది పైమెట్టు.

మోటారు గది గడపలో నిలబడి అరిచింది. "నువ్వే అడిగి నువ్వే వద్దన్నవా?"

కల్యాణ్ గోడకు అతుక్కుపోయాడు. "ఎవరు చెప్పిన్రు?"

"ఎవరన్న చెప్పనీ. నన్నేమన్న ఆట పట్టిచ్చినవా? నేనంటే ఇష్టమని మంది ముంగట చెప్పుడు, మల్ల నువ్వే చెయ్యెత్తకపోవుడు!"

"కోపం చెయ్యకు, చెప్త. చేతులు లేస్తుండె పూర్ణిమా. ఒకటి, రెండు, మూడు. ప్రవీణ్ లెక్కవెడ్తుండు. కిటికీలకెల్లి చూస్తే నువ్వు తొట్టి మీద కూసోని కాళ్లు ఊపుతున్నవ్. నీకేం తెల్వదు. నాకు సిగ్గు పుట్టింది. ఛీ, ఏం చేసిన నేను అనిపిచ్చింది. అందుకే వద్దన్న. అప్పటికే ఐదుగురు ఎత్తిన్రు."

"మరి అడుగుడు ఎందుకు అడిగినవ్ మందిని?"

"రూల్ గద."

"రూలా?"

"ఇద్దరి ముచ్చట ఏడుగురి ముచ్చట. రాసిందెవరు?"

పూర్ణిమ ఒక అడుగు ముందుకేసింది. "అంటే నా మీదికే తిప్పుతున్నవా?"

"తిప్పుతలే. నువ్వు రూలంటె పాణమిచ్చేటిదానివి. చాటుగ అడిగితే, రూల్ తప్పినవని అసహ్యించుకుంటవేమో అని భయపడ్డ. నెల రోజులు భయపడ్డ. తెలివి తక్కువ పనే. కాదంటలే."

"మరి ఇందాక నేను మైకుల అంత తిడుతుంటే ఒక్క మాట మాట్లాడలేదేంది? నోట్ల నాలుక లేదా?"

"మల్ల మంది ముంగట మాట్లాడాల్నా? ఒక్కపారి చేసిందే సాలు."

వాన రేకుల మీద దంచి కొడుతోంది. పూర్ణిమ జడలోంచి నీళ్లు కారుతున్నాయి. కల్యాణ్ భుజం మీది తువ్వాల తీసి ఇవ్వబోయి, ఇస్తే ఏమంటుందోనని చేతిలోనే పట్టుకున్నాడు. ఆమె దాన్ని లాక్కుని తల తుడుచుకోలేదు, మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి.

"ఏడుస్తున్నవా?"

"కోపమొస్తే నాకు నీళ్లొస్తయ్. నీకేం?" తువ్వాల వెనక నుంచే అంది. "గా రోజు నన్ను ఒక్కదాన్ని అడిగితే నిమిషం పట్టకుండా అవునందును. తెల్సా నీకు? నేను నెల దినాలు ఎదురుచూసిన. నువ్వు అడగలే. అందర్ని అడిగినవ్. నాకు నువ్వొక్కడివి పోలే కల్యాణ్. ఏడుగురం పోయినం. నా పొయ్యి పోయింది. మల్ల నాకు గసుంటి ఇల్లు దొరకలే."

కల్యాణ్ కిందున్న పానా తీసి చేతిలో తిప్పాడు. ఓదార్చబోకపోవడమే మంచిదైంది. ఓదార్చి ఉంటే ఆమె మళ్లీ తిట్టేది.

కాసేపటికి పూర్ణిమ తువ్వాల తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపం ఎక్కడికీ పోలేదు.

"నిలబడి చూస్తవేంది? అడుగు."

"ఇప్పుడా?"

"ఇంకో ఎనిమిదేండ్లకా?"

కల్యాణ్ చేతిలోని పానా కింద పెట్టాడు. తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. దుకాణంలో రోజంతా గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించి అడిగాడు. "పూర్ణిమా, నువ్వంటే నాకు మస్తు ఇష్టం. అప్పుడు గూడ, ఇప్పుడు గూడ. నన్ను పెండ్లి చేసుకుంటవా?"

"గింతేనా?" ఆమె అతని భుజం మీద ఒక్కటిచ్చింది. "గింత చిన్న మాటకు గిన్నేండ్లు పట్టిందా నీకు?" ఇంకొకటిచ్చింది.

"అవునంటున్నవా, తిడుతున్నవా?"

"రెండూ."

"కోపం ఎప్పుడు పోతది మరి?"

"పోదు. దానితోనే కాపురం చెయ్యాలె. అయితదా నీతోని?"

"అయితది," అన్నాడు కల్యాణ్ వెంటనే. ఈసారి మాత్రం ఆలస్యం చేయలేదు.

బయట అడుగుల చప్పుడు. గొడుగు పట్టుకుని ప్రవీణ్, వెనక అరుణశ్రీ, ఆ వెనక శాలువా నెత్తిన కప్పుకుని పెంటమ్మ, వాళ్ల వెనక చిక్కుడుకాయలు వదిలేసిన గండిపేట జనం. "ఏమైంది రా? కొట్టుకున్నరా, కలిసిన్రా? అందరం వెయిట్ చేస్తున్నం, చెప్పుండ్రి!" అని అరిచాడు ప్రవీణ్.

కల్యాణ్ మొహం వెలిగిపోయింది. సంతోషం పట్టలేక గడపలోకి ఒక అడుగు వేసి నోరు తెరిచాడు.

పూర్ణిమ వెనక నుంచి అతని చొక్కా పట్టి లోపలికి గుంజింది. నోటి మీద చెయ్యి పెట్టి, తలుపు దగ్గరికి వేసింది.

"చెప్పకు," అంది, మెల్లగా. "ఇయ్యాల్టికి మనిద్దరి దగ్గరనే ఉండనియ్యి."